శుక్రవారం చేతికివ్వని కాగితం

యామిని నాలుగేళ్ళుగా కర్నూలు మహిళల ఫుట్‌బాల్ జట్టులో ముందు వరసలో ఆడుతోంది. ఆ జట్టుకు నేను అధ్యక్షుణ్ణి. ఆట తెలిసి కాదు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన నా ఇంటి వరండాలో బంతులు పెట్టుకోవడానికి చోటుందని.

కల్లూరులో మా మేడ మీద ఇరవై ఏళ్ళుగా అద్దెకుంటున్న జ్ఞానేశ్వర్ కూతురు ఆమె. అతనిది వేంపల్లె. సైన్యంలో డ్రైవరుగా మణిపూర్‌లో ఉన్నప్పుడు మెమ్చాను పెళ్ళి చేసుకుని ఇక్కడికి తీసుకొచ్చాడు. పిల్లకు తల్లి ముఖం, తండ్రి నోరు వచ్చాయి.

2006 జూన్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇంఫాల్‌లోని ఒక క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. యామినిని నెల జీతం మీద తీసుకుంటారట. మా జట్టు ఆమెను వదులుతున్నట్టు రాసిన కాగితం ఆ సాయంత్రం ఆరులోగా ఫ్యాక్సులో అందాలి. లేదంటే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నేను వెంటనే రాసి సంతకం పెట్టాను. కానీ ముద్ర కార్యదర్శి వెంకటరమణయ్య దగ్గర ఉంటుంది. పాతబస్తీలో ఆయనకు స్టీలు సామాన్ల కొట్టు. తల్లీకూతుళ్ళతో కలిసి షేర్ ఆటో ఎక్కాను. ఎండ మండిపోతోంది. డ్రైవరు పక్కన కాస్త గాలి తగిలే చోటు నాకే దొరికింది.

వెంకటరమణయ్య కాగితం చదివి ముఖం ముడుచుకున్నాడు.

"ఎల్లుండి కడపతో ఫైనలు పెట్టుకోని ఇదేంది సారూ? ఇది పోయిందంటే ఈ పాప మన జట్టు కాదు. నాలుగేండ్లాయె కడపోళ్ళ మీద గెలిసి. సోమవారం రాండి, ఒకటి కాదు, రెండు ముద్రలు గుద్దిస్తా."

"సోమవారానికి ఆడ వేరే పిల్ల ఉంటాది మామా," అంది యామిని.

"ఉండనీలే. ఇంఫాలోళ్ళంతా గడ్డి మీద ఆడేటోళ్ళు. నువ్వు ఓర్వకల్లు రాళ్ళల్లో నేర్చుకున్నదానివి. ఏం తట్టుకుంటావు?"

"రాళ్ళల్లో పడి లేచినదానికి గడ్డి పరుపు మాదిరి ఉంటాది మామా."

"మీ అమ్మోళ్ళ ఊర్లో నిన్ను వాళ్ళ పిల్లంటారా?"

"అనరు. పోయిన ఎండాకాలం పోతే మయాంగ్ అన్నారు, అంటే బయటి మనిషని. ఈడేమో నేపాలు పిల్ల అంటాండారు. గోలు కొట్టినప్పుడు మాత్రం రెండుచోట్లా యామినీ యామినీ అనే అరుస్తారు. నాకది చాలు."

గడియారం ఐదుంబావు చూపిస్తోంది. వీధిలో ఎండ ఇంకా కళ్ళు చెదిరేలా ఉంది. ఆయన లేచి లోపలికి వెళ్ళి, అమ్మవారి పటం ముందు దీపం వెలిగించి వచ్చి కూర్చున్నాడు.

"దీపం పెట్టేసినా. ఈపొద్దు శుక్రవారం. మన జట్టు లక్ష్మిని నా చేత్తో బయటికి పంపమంటారా? శుక్రవారం దీపం పెట్టినాక ఈ కొట్లోనించి ఒక గరిటె కూడా బయటికి ఇచ్చింది లేదు."

అది సాకని నలుగురికీ తెలుసు. కాదనడం ఎలాగో మాత్రం నాకు తెలియలేదు. యామిని వరసగా పేర్చిన గిన్నెల వైపు తిరిగి నిలబడింది.

అప్పుడు మెమ్చా అందుకుంది. ఇరవై ఏళ్ళ కర్నూలు మాట ఆమెది.

"చేతికియ్యొద్దు శెట్టన్నా. ముద్ర ఏసి ఆ బిందె మీద పెట్టు."

"అంటే?"

"నేను కొత్తగా వచ్చినప్పుడు శుక్రవారం పూట పెరుగు తోడు అడిగేకి కిందికి పోయినా. నాకేం తెలుసు, అడగకూడదని? కృష్ణవేణమ్మక్క గిన్నె తెచ్చి మెట్టు మీద పెట్టి, నేను ఇయ్యలేదమ్మీ, నువ్వే తీసుకున్నావు, అనె. ప్రతి శుక్రవారం అట్లనే. అక్క ఇంట్లో లక్ష్మి యాడికీ పోలేదు గదా?"

కృష్ణవేణమ్మ నా భార్య. పోయి ఆరేళ్ళయింది. ఆ మెట్టు మీది గిన్నె సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఆమె గురించి కొత్త విషయం ఒకటి వినడానికి ఇంకా మిగిలి ఉందనుకోలేదు.

వెంకటరమణయ్య నా ముఖం చూశాడు. తర్వాత పిల్ల వీపు వైపు చూశాడు. గల్లాపెట్టెలోంచి ముద్ర తీసి గట్టిగా వేశాడు. కాగితాన్ని బోర్లించిన బిందె మీద పెట్టి గోడవైపు తిరిగాడు.

"నేనైతే ఇయ్యలా."

"ఇయ్యలేదు మామా. నేనే ఎత్తుకుపోతాండా!" యామిని అప్పటికే వీధిలో ఉంది.

ఎస్టీడీ బూత్‌లో రెండుసార్లు లైను దొరకలేదు. మూడోసారి, ఆరుకు పది నిమిషాలుండగా, ఫ్యాక్సు వెళ్ళింది.

ఆదివారం కడపలో మేం రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం. యామిని గీత బయట నీళ్ళ సీసాలు మోస్తూ, మా పిల్లలకంటే ఎక్కువ పరిగెత్తి, గొంతు పోయేలా అరిచింది. ఆట అయ్యాక కడప జట్టు మేనేజరు సుందరం మా దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా శెట్టీ, మీ తొమ్మిదో నంబరు నీళ్ళు మోస్తాంది?"

"జీతానికి ఆడేకి పోతాంది," అన్నాడు వెంకటరమణయ్య ఛాతీ విరిచి. "మీకు కప్పొచ్చింది, మా పిల్లకు ఉద్యోగమొచ్చింది. పండగ చేసుకోపోండి."

బస్సుకు టైమైందని నేను పిలుస్తున్నా ఆయన రాలేదు. ఆ మాట ఇంకా వినని వాళ్ళెవరైనా ఉన్నారేమోనని మైదానమంతా తిరిగి, గేటు దగ్గర నిమ్మకాయ సోడా అమ్మేవాడికి కూడా చెప్పి వచ్చాడు.