జారని తీగ

గౌస్ గిటారుకి పెడల్ తొక్కితే లాగాల్సిన తీగ స్వరం బుద్ధిగా పైకి పోయేది. పక్క తీగ స్వరం మాత్రం ఎవరూ అడక్కుండానే కిందికి జారేది. జారేది వెంట్రుకవాసే. ఆర్కెస్ట్రా నడిపే శ్రీరామ్మూర్తి మొహం ఆముదం తాగినట్టు అవడానికి అది చాలు.

"ఇదేటి గౌసూ! పాట ఏడవాలి గానీ, పాట ఇని జనం ఏడవకూడదు. శనివారానికి సుతి కుదిరితే నీ కుర్చీ నీది. లేదంటే కీబోర్డుతోనే కానిచ్చేత్తాను."

పగలంతా వన్‌టౌన్‌లో తాళాలు బాగుచేసే గౌస్‌కి, పెళ్లిళ్లలో ఆ కుర్చీ ఎక్కినప్పుడే తానూ ఒక మనిషినన్న సంగతి గుర్తొచ్చేది. అది పోతే ఇక మిగిలేవి తాళాలే.

గిటారంటే ఒళ్లో పెట్టుకునేది కాదు. నాలుగు కాళ్ల మీద బల్లలా నిలబడుతుంది. కింద పెడళ్లు, వాటి నుంచి పైన తీగలను లాగే సన్నటి కమ్మీలు. ఎవరో విదేశీ నావికుడు హార్బరు దగ్గర పాత సామాన్ల కొట్లో వదిలేసి పోతే గౌస్ మోజుపడి తెచ్చుకున్నాడు. ఇప్పుడు దాన్ని ఆటోలో వేసుకుని మల్కాపురంలో లేత్ షాపు నడిపే హుస్సేన్ బాషా దగ్గరికి పోయాడు. అతను గౌస్ భార్య తాహెరాకి అన్న.

హుస్సేన్ బాషా పెడల్ నొక్కి, గిటారు చెక్క మీద అరచెయ్యి ఆనించాడు.

"తీగది తప్పు కాదు బావా. పెడల్ తొక్కినప్పుడు సెక్క ఒంగతంది. అది ఒంగితే మిగతా తీగలు ఒదులవ్వవేటి?"

చెక్క అడుగున ఇనప పట్టీ బిగించాడు. అదే పెడల్ నుంచి జారే తీగకి ఇంకో కమ్మీ వేశాడు. తీగ ఎంత జారుతుందో అది అంతే లాగాలి. అసలు చావంతా ఆ 'అంతే' దగ్గరే వచ్చింది. గౌస్ కళ్లు మూసుకుని మీటడం, "అబ్బే, ఎక్కువైపోయింది" అనడం, హుస్సేన్ బాషా నట్టుని వెనక్కి తిప్పడం. ఆ రోజు షాపుకొచ్చిన పడవల పని ఏదీ ముట్టుకోలేదు. సాయంత్రానికి తీగ నిలబడింది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వుకున్నారు.

శనివారం కూర్మన్నపాలెం రిహార్సల్ గదిలో, కీబోర్డు వాయించే నాగబాబు గిటారు వైరుని తన పెట్టెకి కలిపాడు. సౌండు సరిచూడ్డానికన్నాడు.

"పాట తర్వాత," అన్నాడు శ్రీరామ్మూర్తి. "ముందు ఒక్కో తీగా ఇడిగా మీటు. తొక్కకుండా ఓసారి, తొక్కి ఓసారి. సివరిదాకా మోగనీ."

గౌస్ పరీక్ష రాసే కుర్రాడిలా ఒళ్లు దగ్గర పెట్టుకుని మీటాడు. ఒక్క తీగా జారలేదు. "మెల్లగా ఓసారి అన్నా, గట్టిగా ఓసారి," అని నాగబాబు అడిగితే, గర్వం పట్టలేక అడగనివి కూడా మీటి చూపించాడు.

శ్రీరామ్మూర్తి భుజం తట్టాడు. "బంగారం! కబురు సేత్తాను."

కబురు రాలేదు. ముహూర్తాలు నడుస్తూనే ఉన్నాయి. ఫోన్ చేస్తే "ఈ వారం సిన్న ప్రోగ్రామే" అనేవాడు. గౌస్ గిటారు తుడిచి పెట్టుకుని కూర్చున్నాడు.

ఒక పొద్దున్న హుస్సేన్ బాషా జిలేబీ పొట్లంతో ఊడిపడ్డాడు.

"రాత్రి గాజువాక ఫంక్షన్ హాలు ముందు నుంచి వత్తన్నాను బావా. లోపల నీ గిటారు! ఆటో దిగిపోయి రోడ్డు మీదే నిలబడి ఇన్నాను. ఒక్క తీగ జారితే ఒట్టు! ఈ గ్రీజు బట్టల్తో లోపలికేటొత్తాను గానీ, లేపోతే స్టేజీ ఎక్కి ముద్దెట్టుకుందును."

రాత్రి గౌస్ ఇంట్లోనే ఉన్నాడు. అంటే గాజువాకలో వాయించింది నాగబాబు, కీబోర్డు మీద. ఆ రోజు పెట్టెలో రికార్డు చేసి పట్టుకున్న స్వరాలతో. ఇప్పుడు మీట నొక్కితే చాలు, గౌస్ గిటారే మోగుతుంది. ఒక్కొక్కటీ విడదీసి, నలక లేకుండా చేతికిచ్చింది తానే. ఎప్పటిలా జారుతూ ఉంటే వాటిని ఎవడు దాచుకునేవాడు? కష్టపడి శ్రుతి కుదుర్చుకుని మరీ తన గొయ్యి తానే తవ్వుకున్నాడు.

"మన కమ్మీ పన్జేసింది గదా బావా?" మెచ్చుకోలు కోసం ఆశగా చూశాడు హుస్సేన్ బాషా.

టీ తెస్తున్న తాహెరా గుమ్మంలో ఆగిపోయింది. రాత్రి గౌస్‌కి ఇంట్లో అన్నం వడ్డించింది ఆమే.

"పన్జేసింది బావా," అన్నాడు గౌస్. "నువ్వు కనపడుంటే ఇంకా బాగా వాయిద్దును."

తాహెరా గ్లాసు అన్న ముందు పెట్టి, మొగుడి మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.