దేవకృప సాక్ష్యం

ఎమర్జెన్సీ రోజుల్లో సీతాఫల్‌మండి యెషయాని పోలీసులు పట్టుకుపోయారు. సర్కారు బస్తీ ఇళ్లు కూలగొట్టించిందని తన చిన్న వారపత్రికలో రాశాడని. సెన్సారు వల్ల ఆ అరెస్టు వార్త ఏ పేపర్లోనూ రాలేదు.

అతని కోసం ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించమని అతని భార్య దేవకృప పాస్టరుగారిని అడిగింది.

"ఒంట్లో బాగాలేదని చెప్పి చేద్దామమ్మా. జైలు మాటెందుకు?" అన్నారాయన.

"ఆయన ఒంటికేం కాలేదండీ అయ్యగారూ," అంది దేవకృప.

ఆ ఆదివారం ఆరాధనలో విశ్వాసులు సాక్ష్యాలు చెప్పే సమయంలో ఆమె లేచి నిలబడింది. భర్త ఏం రాశాడో, ఏ జైల్లో ఉన్నాడో చెప్పి కూర్చుంది. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక బయట చాలామంది ఆమెను తప్పించుకుని వెళ్లిపోయారు. వెనక బెంచీలో కూర్చునే కాంతమణి మాత్రం దగ్గరికొచ్చింది.

"రైల్వే యూనియన్ల తిరిగే మా మరిది సుత కనిపిస్తలేడక్కా. ఎవర్నడగాలన్నా భయమైతుంది."

మర్నాడు ఇద్దరూ కలిసి యెషయా ఉన్న జైలుకెళ్లారు. మరిది అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత చర్చిలో సాక్ష్యాలు ఆపేశారు. కనిపించకుండా పోయిన తమవాళ్లను వెతుక్కునేవాళ్లు దేవకృప ఇంటికే రావడం మొదలుపెట్టారు. ఎన్నికలయ్యాక యెషయా విడుదలై వచ్చేదాకా వాళ్లతో జైళ్ల చుట్టూ తిరుగుతూనే ఉందామె.