సిస్టర్ కోర్సు

ఆరుగురు ఆడపిల్లలు ట్రంకు పెట్టెలతో గేటు ముందు ఆటో దిగేసరికి సిస్టర్ సంపూర్ణమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒకరొస్తే చాలనుకుంది. ఇద్దరొస్తే పండగే అనుకుంది. ఏకంగా ఆరుగురు! నరసాపురానికి నాలుగు మైళ్ల దూరంలో, ఏటిగట్టు పక్కనున్న ఆ మఠంలో చేరడానికి పన్నెండేళ్లుగా ఒక్క పిల్ల వస్తే ఒట్టు.

ఒకప్పుడు అక్కడ ఇరవై ఆరుగురు కన్యాస్త్రీలుండేవారు. భోజనాల బల్ల చాలక రెండు విడతలుగా వడ్డించేవారు. కొందరు పోయారు. కొందరు వేరే మఠాలకు బదిలీ అయ్యారు. ఇద్దరు పెళ్లి చేసుకుని నిక్షేపంలా ఉన్నారు. 2003 వేసవికి మిగిలింది సంపూర్ణమ్మా, వంటిల్లు చూసుకునే సిస్టర్ పాపాయమ్మా. ఒకరికి అరవై ఎనిమిది, ఒకరికి అరవై తొమ్మిది.

ఆ వేసవిలోనే ప్రొవిన్షియల్ మదర్ రోజలిన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వీళ్ల కన్యాస్త్రీల సభకు రాష్ట్రంలో ఉన్న మఠాలన్నిటికీ ఆవిడే పెద్ద. జూన్ పదిహేనున వస్తానని, అప్పటికి కొత్తవాళ్లు నలుగురైనా చేరకపోతే మఠం మూసేస్తామని, వీళ్లిద్దరూ గుంటూరులో ముసలి సిస్టర్ల ఇంటికి వచ్చేయాలని అందులో ఉంది.

ఏడుస్తూ కూర్చునే రకం కాదు సంపూర్ణమ్మ. మోకాళ్ల నొప్పులతోనే బస్సులెక్కి, గోదావరికి అటూ ఇటూ ఉన్న ఆర్‌సీఎం కేథలిక్కు గుళ్లన్నీ తిరిగింది. అక్కడ మైకులో చదవాల్సిన కాగితం స్వయంగా రాసింది. వెనకటి కాగితాల్లో ‘కన్యాస్త్రీలుగా చేరదలచిన బాలికలు’ అని ఉండేది. ఈ కాలం పిల్లలు ఆ మాట వింటే హడలిపోతారనుకుని మార్చేసింది. ‘టెన్త్ పాసైన ఆడపిల్లలు సిస్టర్ అయ్యే అవకాశం. భోజనం, వసతి ఉచితం’ అని రాసి, తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

మొదటి మూడు రోజులూ మఠానికి పెళ్లికళ వచ్చింది. పిల్లలు గంట కొట్టగానే లేచేవారు, ప్రార్థనకు వరసగా కూర్చునేవారు. నాలుగో రోజు పొద్దున్నే వసారా ఊడుస్తున్న సంపూర్ణమ్మ దగ్గరికి ఆశాజ్యోతి వచ్చింది. ఆరుగురిలోకీ పెద్దది, కడియంలో మొక్కల నర్సరీ కూలీ కూతురు.

“అమ్మగారండీ, మాకు టోపీ ఎప్పుడిస్తారండి?”

“టోపీ ఏంటమ్మా? రెండేళ్లయ్యాక ముసుగిస్తారు.”

“ముసుగాండి? పెద్దాసుపత్రిలో సిస్టర్లకి ముసుగుండదు కదండీ. పోనీ ఇంజక్షన్ చెయ్యడం ఎప్పుడు నేర్పుతారండి?”

సంపూర్ణమ్మ చేతిలో చీపురు అలాగే ఆగిపోయింది.

పిల్లల తప్పేం లేదు. ఆ ఊళ్లలో కాన్వెంటంటే టై కట్టుకుని వెళ్లే ఇంగ్లీషు బడి. సిస్టరంటే ఆసుపత్రిలో నర్సు. సంపూర్ణమ్మ కాగితమిచ్చి వచ్చేయడం తప్పిస్తే, ఈ పిల్లల ఊళ్లలో మఠం సిస్టరు కాలుపెట్టి పదేళ్లయింది. ఆసుపత్రి సిస్టర్ని మాత్రం జ్వరం వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నారు. ప్రార్థనలంటారా, ఏ మిషన్ హాస్టల్లోనైనా ఉండేవే. ఒకప్పుడు ఆ రెండు మాటలూ మఠంవాళ్ల సొత్తు. ఎప్పుడు చేజారిపోయాయో ఒక్కరూ చూసుకోలేదు. మాటలే పోయాక మనుషులెలా వస్తారు?

వంటింట్లోకి వెళ్లి చెబితే పాపాయమ్మ గరిటె కింద పెట్టకుండానే నవ్వింది.

“నువ్వేం చెప్పకు. నాలుగు రోజులుంటే వాళ్లే అలవాటు పడిపోతారు. నేనేమన్నా దేవుడి పిలుపు విని వచ్చానా? మూడు పూటలా అన్నం పెడతారని వచ్చాను. యాభై ఏళ్లు ఉండిపోలేదూ?”

“ఎలాంటి చోటుకి వస్తున్నావో తెలిసే వచ్చావు కదే. వీళ్లకి అదీ తెలీదు.”

“చెబితే వెళ్లిపోతారు. ఆదివారం ఆవిడొచ్చి తాళం వేస్తుంది. మనం గుంటూరులో కిటికీ దగ్గర కూర్చుని ఈగలు తోలుకోవాలి.”

ఆ మాట సంపూర్ణమ్మకు గుచ్చుకుంది. ఆ రాత్రి మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. ఆరు కంచాలు కడిగి బోర్లించి ఉంటే చూడ్డానికి ఎంత బాగుందో! నోరు మూసుకుంటే చాలు, మఠం నిలబడుతుంది. నిజంగానే ఆశపడింది. ఆశపడినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

మర్నాడు ఫలహారాల దగ్గర పిల్లలందరికీ దాపరికం లేకుండా చెప్పేసింది. ఇది నర్సు కోర్సు కాదనీ, ఇక్కడ చేరితే పెళ్లీ పిల్లలూ ఉండవనీ, కాగితంలో మాట తప్పు రాసింది తనేననీ. ఇద్దరు పిల్లలు బావురుమన్నారు. ఆశాజ్యోతి ఏడవలేదు గానీ ఇడ్లీ ముట్టుకోలేదు.

“ఇంటికి పంపించేస్తారాండి? మా అమ్మాయి సిస్టరైపోతోందని మా నాన్న కనబడినోళ్లందరికీ చెప్పేశాడండి. నర్సు అవ్వాలని సెవెన్త్ నించీ అనుకుంటున్నానండి.”

“ఎవరికైనా మఠంలో ఉండాలనుందా?”

ఒక్కరూ తల ఎత్తలేదు. సంపూర్ణమ్మకు అడగకముందే తెలిసిన జవాబే అది. తను పద్దెనిమిదేళ్ల వయసులో ఇష్టపడి, ఇంట్లోవాళ్లతో పోట్లాడి మరీ వచ్చిన చోటిది. దీన్ని కావాలనుకునే పిల్ల ఇక పుట్టదని అప్పుడే అర్థమైంది ఆవిడకు. లేచి గొడుగు తీసుకుంది.

నరసాపురంలో సర్కారువారి ఏఎన్ఎమ్ స్కూలుంది. పల్లెల్లో సూదిమందులు వేసి, పురుళ్లు పోసే నర్సుల్ని తయారుచేస్తారక్కడ. సంపూర్ణమ్మ సరాసరి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి, కూర్చోమనకముందే కూర్చుంది. ఆరు సీట్లున్నాయి. హాస్టల్లో మాత్రం చోటు లేదు. ఉండటానికి ఎక్కడో చోట ఏర్పాటు చేసుకుంటే పిల్లల్ని చేర్చుకుంటానంది ప్రిన్సిపాల్.

“ఉందండి. ఇరవై ఆరు మంచాలున్నాయి మా దగ్గర” అంది సంపూర్ణమ్మ. వాటికి తాళం పడబోతోందని మాత్రం చెప్పలేదు.

ఆదివారం మదర్ రోజలిన్ కారు దిగింది. కేరళ మనిషి, తెలుగు పుస్తకంలో చదివినట్టు మాట్లాడుతుంది. ఆరుగురు పిల్లల్ని చూసి ముఖం చేటంత చేసుకుంది.

“సిస్టర్ సంపూర్ణమ్మా, మీరు అద్భుతం చేశారు!”

“ముందు మీరు అడగవలసింది అడగండి మదర్. తరవాత మాట్లాడుకుందాం.”

ఆ సభలో ఒక ఆచారముంది. కొత్తవాళ్లు చేరే రోజున పెద్ద తలుపు మూసి గడియ పెడతారు. పిల్లలు బయట నిలబడాలి. లోపలినుంచి మదర్ ‘ఏం కోరి వచ్చావమ్మా?’ అని అడుగుతుంది. ‘దేవుని సేవలో చోటు కోరి వచ్చాను’ అనాలి. అప్పుడు తలుపు తీస్తారు. సంపూర్ణమ్మ పిల్లలతో పాటు బయటే నిలబడింది. ఆ వాక్యం వాళ్లకు నేర్పలేదు. అడిగితే నిజం చెప్పండని మాత్రమే చెప్పింది.

“ఏం కోరి వచ్చావమ్మా?” అంది లోపలినుంచి మదర్.

“ఏఎన్ఎమ్ కోర్సు కోసమండి” అంది ఆశాజ్యోతి, గట్టిగా.

లోపల పాపాయమ్మ యాభై ఏళ్ల అలవాటు కొద్దీ, జవాబు వినబడగానే గడియ తీసేసింది.

గుమ్మంలో మదర్ ముఖం ఎర్రబడిపోయి ఉంది. సంపూర్ణమ్మ ఏదీ దాచకుండా జరిగినదంతా చెప్పింది.

“అంటే వీరిలో ఒక్కరు కూడా మన సభకు రాలేదు. అయితే ఈ మఠం మూసివేయవలసిందే.”

“మూసేయండి మదర్. మన తరవాత ఎవరూ రారు. ఆ సంగతి ఈ వారంలో నాకు బాగా తెలిసొచ్చింది.” ఆవిడ గుమ్మం పైనున్న బోర్డు వైపు చెయ్యి చూపించింది. “మఠమన్న ఆ బోర్డు తీసేయండి. ఇల్లు మాత్రం ఉంచండి. పిల్లలు ఇక్కడ ఉండి చదువుకుంటారు.”

“మన పని అది కాదు. మీరు విధేయతా ప్రమాణం చేశారు, సిస్టర్.”

“చేశాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. గుంటూరు వెళ్లమనండి, ఈ పూట బస్సుకే వెళ్తాను. కానీ ఇంటికి పొమ్మని వీళ్లకి మీరే చెప్పాలి. ఏం కావాలని అడిగింది మీరు. ఇదిగో, వాళ్లు చెప్పారు.”

మదర్ రోజలిన్ ఆరుగురి వంకా చూసింది. చెప్పడానికి నోరు తెరిచింది. ఆశాజ్యోతి రెప్ప వెయ్యకుండా ఆవిడనే చూస్తోంది. ఆవిడ కూడా ఒకప్పుడు ఇలాంటి తలుపు ముందు నిలబడ్డ మనిషే. తెరిచిన నోరు మూసుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“రికార్డులో మఠం మూసినట్లే వ్రాస్తాను” అంది చివరికి. “ఈ ఇంటికి ఒక సంవత్సరం గడువు ఇస్తాను. అంతే.”

“కోర్సు ఏడాదిన్నరండి” అంది సంపూర్ణమ్మ, గుమ్మంలోంచి కదలకుండా.