తూర్పు మూల తెగులు

రంపం ఇంకో ఆపిల్ చెట్టు మొదట్లోకి దిగుతుంటే ఆమె పరుగున వెళ్ళి దానికి వీపు ఆనించి నిలబడింది. కూలీ మోటారు ఆపేసి పెద్దాయన వంక చూశాడు.

"తప్పుకో తల్లీ," అన్నాడు తండ్రి. "ఈ అంటు మొక్కలతోనే తెగులొచ్చింది. వాటిని పంపినవాళ్ళ కూతురూ, ఆవిణ్ణి వెనకేసుకొచ్చే వీడూ పొద్దుగూకేలోగా గడప దాటాలి."

అన్నయ్య అప్పటికే ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాడు. అతని కాళ్ళ దగ్గర తాళ్ళు బిగించిన పెట్టెలున్నాయి. వదిన మాత్రం ఊరుకోలేదు.

"మా పుట్టింటి నుంచి వచ్చినవాటిలో మచ్చ పడనిది నేనొక్కదాన్నే మామయ్యా. నన్నూ ఓసారి తిరగేసి చూడండి."

"సాయంత్రం దాకా ఆగు నాన్నా," అంది ఆమె. "దోషి ఎవరో నేను చూపిస్తాను."

"బూజు డాక్టరు చెప్పేదాకా బూజు ఆగుతుందా?"

"అది ఆగదు. రంపం ఆగుతుంది."

ఇంట్లో ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె ఉద్యోగం హెర్బేరియంలో. పుట్టగొడుగులు, తుప్పు తెగులు పట్టిన ఆకులు ఏరి తెచ్చి, ఆరబెట్టి, కాగితపు పొట్లాల్లో దాచడం ఆమె పని.

ప్రతి వరుసలోనూ ఆకులు కోసింది. ఆకుల మీద నారింజ మచ్చలు. ఈ తుప్పు ఆపిల్ నుంచి ఆపిల్‌కు అంటదు. సగం బతుకు ఆపిల్ ఆకు మీద, మిగతా సగం సూదుల్లాంటి ఆకులుండే జునిపర్ చెట్టు మీద. అంటే అంట్లది తప్పు కాదు. మరి జునిపర్ ఎక్కడ?

వసారాలో బల్ల మీద పొట్లాలను తోటలో వరుసలున్నట్టే పరిచి విప్పింది. పడమర ఆకుల మీద అక్కడో మచ్చ, ఇక్కడో మచ్చ. తూర్పుకు పోనుపోను చిక్కబడి, చివరి పొట్లంలో ఆకుపచ్చే కనబడలేదు.

తూర్పు మూల ఉన్నది అమ్మ సమాధి.

తలవైపు సూదాకుల చెట్టు. అమ్మ పోయిన ఏడాది నాన్న తెచ్చి నాటాడు. రోజూ తనే నీళ్ళు పోసి, దానితోనే నాలుగు మాటలు చెప్పుకుంటాడు. ఇంట్లో అందరికీ అది అమ్మ చెట్టు. కంటపడ్డ ప్రతి మొక్కకీ చీటీ రాసే ఆమె, దీని జాతి ఏమిటని ఒక్కనాడూ అడగలేదు.

చివరి పొట్లంలోని ఆకులు పట్టుకుని అక్కడికి వెళ్ళి కొమ్మ వంచింది. రాత్రి వానకు తడిసి, కణుపుల మీద నారింజ రంగు జిగురు కొమ్ములు ఉబ్బి వేలాడుతున్నాయి. జునిపర్ మీద ఈ తుప్పు తీరు ఇదే.

కత్తెర తీసింది గానీ కొయ్యకుండానే దించేసింది. నోరు మూసుకుంటే అన్నయ్య వెళ్ళిపోతాడు. నోరు విప్పితే ఈ చెట్టు పోతుంది.

వెనక అడుగుల చప్పుడు. తండ్రి వచ్చి కొమ్మను చూశాడు, ఆమె చేతిలోని ఆకులు చూశాడు. మచ్చలదీ కొమ్ములదీ ఒకే రంగు. చెట్టు మాను మీద చెయ్యి వేశాడు.

గేటు దగ్గర అన్నయ్య పెట్టె భుజానికెత్తుకున్నాడు.

"వాణ్ణి పొమ్మన్నాను," అన్నాడు తండ్రి. "చేసిందెవరో వాడికి వినబడేలా చెప్పు తల్లీ."

ఆమె గేటు వైపు తిరిగింది.

"వదినవాళ్ళ అంట్లు కాదు నాన్నా," అంది గట్టిగా. "అమ్మ చెట్టు."