పెద్ద పూస దగ్గర మౌనం

చర్చి పక్క గదిలో గుండ్రంగా కుర్చీలు వేశారు. ఒళ్ళో పూసల దండ పెట్టుకుని కూర్చున్న దర్జీ అక్కకు మాత్రం కుర్చీ నిండా ముళ్ళున్నట్టే ఉంది. కారణం, అప్పుడే పాస్టరుగారు చెప్పిన కబురు: "మన లెక్కల టీచరమ్మకి రేపు మెడలో గడ్డకి ఆపరేషన్. ఈ పూటంతా ఆమె కోసమే ప్రార్థన చేద్దాం."

ఆ టీచరమ్మ ఎవరనుకున్నారు? దర్జీ అక్కకు సొంత చెల్లెలు! ఒక్క కంచంలో తిని, ఒక్క దుప్పట్లో పెరిగినవాళ్ళు. ఇవాళ్టిదాకా అక్క చెవిన ఒక్క ముక్క వేయలేదు మహాతల్లి. పైగా ఇప్పుడు పక్క కుర్చీలోనే, ఏమీ ఎరగనట్టు కళ్ళు మూసుకుని కూర్చుంది. ఊరందరితో పాటు తనకూ పాస్టరుగారే చెప్పాలా అని అక్కకు ఒళ్ళు మండిపోయింది. నిజానికి ఆ మంట కింద ఉన్నది భయం. ఈ పిల్ల రేపు కళ్ళు తెరవకపోతే? ఆసుపత్రికి తోడు వస్తానని అడగాలని నోటిదాకా వస్తోంది. పిలవని పేరంటానికి వెళ్ళినట్టు తనంతట తాను ఎలా అడుగుతుంది?

ఆ ఆంగ్లికన్ చర్చిలో పూసల దండతో అందరూ కలిసి ప్రార్థించడం అలవాటు. ఏడు చిన్న పూసల వరుసను వారం అంటారు. పూస పూసకూ అందరూ ఒక్క గొంతుతో "ప్రభువా, కనికరించుము" అనాలి. వారం అయ్యాక పెద్ద పూస పట్టుకుని కాసేపు మౌనంగా ఉండాలి.

మొదటి వారం ఎలాగో గడిచింది. రెండో వారంలో అక్క నాలుక ఊరుకోలేదు. అందరి గొంతుల చాటున "నాకెందుకు చెప్పలేదే?" అని గొణిగింది. ఎవరికీ వినబడలేదు. ప్రాణం కాస్త తెరిపిన పడింది. ఇదేదో బాగానే ఉందనుకుని పూసకోసారి అదే పాట. వాళ్ళు దేవుణ్ణి వేడుకుంటుంటే ఈవిడ చెల్లెల్ని నిలదీస్తోంది. ఆ ఉక్రోషంలో ఒకే పూసను రెండుసార్లు తిప్పిన సంగతి కూడా గమనించలేదు.

అందరూ పెద్ద పూస పట్టుకుని ఊరుకున్నారు. ఆమె వేళ్ళ మధ్య ఇంకా చిన్న పూసే ఉంది.

"నాకెందుకు చెప్పలేదే, దొంగమొహమా!"

గది గదంతా ఉలిక్కిపడింది. పాస్టరుగారు ఒక కన్ను తెరిచారు. వడ్రంగి తాత నవ్వాపుకోలేక దగ్గాడు. దర్జీ అక్కకు తల కొట్టేసినట్టయింది.

చెల్లెలు కళ్ళు తెరవలేదు. "చెబితే ఏడుస్తావని," అంది మెల్లగా. "నువ్వేడిస్తే నాకున్న కాస్త ధైర్యమూ పోతుందక్కా."

"నేనా? ఏడవడమా? చాల్లే, చెప్పొచ్చావు!" అంటూనే అక్క బావురుమంది.

"అదిగో. నే చెప్పలా?"

ఎవరి వేలూ తర్వాతి పూసకు కదల్లేదు. అక్క ముక్కు తుడుచుకుని, "రేపు నన్ను రానిస్తావా, రానివ్వవా? ముందా సంగతి చెప్పు," అంది.

చెల్లెలు తడుముకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"పొద్దున్నే లోపలికి తీసుకెళ్తారట. ఆలోపే రా. ఏడిస్తే ఏడువు గానీ, రావడం మాత్రం మానకే అక్కా."