మూడు వెండి పూసలు

పెళ్లి ఇంకా ఇరవై రోజులుందనగా, రిసెప్షన్‌కు కేకు ఎంచుకోవడం కోసం ముగ్గురు ఆడవాళ్లు ఆ బేకరీ మెట్లెక్కారు. అందరికంటే ముందు వియ్యపురాలు, ఆవిడ వెనక పెళ్లికూతురు, ఆ వెనక ఎక్కడో చెప్పులు ఈడ్చుకుంటూ పెళ్లికూతురి తల్లి. మెట్లెక్కుతూనే ఆమె తనకు తాను ఒట్టు పెట్టుకుంది. ఏమైనా సరే, ఈ గడప లోపల నోరు విప్పకూడదు.

ఆ ఒట్టుకు కారణం ఉంది. ఇదే బేకరీ వెనక గదిలో ఆమె పదకొండేళ్లు పనిచేసింది. పెళ్లి కేకులకు పైపూత, అంచులు, పువ్వులు అన్నీ ఆమె చేతిమీదుగానే సాగేవి. యజమాని వెనక గదిలోకి అడుగుపెట్టడమే అరుదు. కౌంటరుకూ వంటగదికీ మధ్యనున్న చిన్న కిటికీలోంచి ఆర్డరు కాగితం తోసి కేకవేసేవాడు. పనివాళ్ల పేర్లు ఆయనకు అనవసరం. ఎవరు ఏ బల్ల దగ్గర నిలబడితే అదే వాళ్ల పేరు. "రెండో బల్లా, సాయంత్రానికి కావాలి!" అంటే ఆమె అన్నమాట. తలకు గుడ్డ, మూతికి గుడ్డ, నడుమ రెండు కళ్లు. ఆమెను ఆయన చూసింది అంతవరకే.

పదహారేళ్ల క్రితం ఒక పెళ్లిలో కేకు రభస అయింది. తప్పు రెండో బల్ల మీద పడింది. ఆమె చెప్పబోయేది వినకుండా ఆయన బయటికి పంపాడు. పంపి ఊరుకోక, ఊళ్లో తక్కిన బేకరీలకు కూడా ఆ మాట చేరవేశాడు. ఆ తరువాత ఏ ఒక్కరూ ఆమెను పెళ్లి కేకు దరిదాపులకు రానివ్వలేదు. ఒక ఆసుపత్రి వంటశాలలో రొట్టెపిండి పిసుకుతూ ఇన్నేళ్లు గడిపింది.

అదంతా ఆమె దిగమింగింది. దిగమింగలేనిది మరొకటి ఉంది. అప్పటికి పదేళ్ల పిల్ల అయిన కూతురితో ఆమె సొంత చెల్లెలే, "మీ అమ్మ ఎవరి పెళ్లో చెడగొట్టిందటే" అన్నది. పిల్ల నమ్మింది. తప్పు చేయనిదాన్ని, కన్నబిడ్డకు సంజాయిషీ ఏమిటని తల్లి పంతం పట్టింది. మొన్నటికి మొన్న, "నీ కేకు నేను చేస్తానే" అంటే కూతురు కళ్లు దించుకుని, "వద్దులే అమ్మా, ఆరోజు ఏదైనా అయితే..." అని ఆగిపోయింది. ఆగిపోయిన ఆ మాట అప్పటినుంచీ గొంతులో ముల్లులా కదులుతూనే ఉంది. పైగా, "అత్తయ్యగారు అక్కడే చేయిద్దామని మాటిచ్చేశారు. పాతవన్నీ తవ్వకు" అని షరతు ఒకటి.

బేకరీకి ఇప్పుడు గాజు తలుపులు వచ్చాయి. యజమానికి బట్టతల వచ్చింది. నెరిసిన జుట్టుతో, కళ్లద్దాలతో ఎదుట కూర్చున్న మనిషిని ఆయన పోల్చుకోలేదు. "రండి మేడమ్, కూర్చోండి మేడమ్" అంటూ పళ్లెంలో నాలుగు రకాల ముక్కలు పెట్టాడు. ఆమె ఒకటి నోట్లో వేసుకుంది. వెన్న పేరు చెప్పి వనస్పతి. నోరు మూసుకుంది.

"మా మరిది కొడుకు రిసెప్షన్లో నాలుగు అంతస్తులండీ," అంది వియ్యపురాలు. "మాకు ఐదైనా లేకపోతే ఆ తోడికోడలి మొహం చూడలేను. ఏమంటారు వదినగారూ?"

"మీ ఇష్టం," అంది తల్లి.

"ఐదేం ఖర్మ, ఏడు నిలబెడతాం," అన్నాడు యజమాని. "కాకపోతే లోపలంతా కేకు ఉండదు మేడమ్. థర్మోకోల్. పైన మాత్రం క్రీము."

వియ్యపురాలు ఉలిక్కిపడింది. "అయ్యో! మరి పిల్లలు కొయ్యాలిగా?"

"కింది అంతస్తులో ఒక్క ముక్కంత చోటు తొలిచి అసలు కేకు అమరుస్తాం. పైన గుర్తు పెడతాం. అక్కడే కొయ్యాలి. వచ్చినవాళ్లకి లోపల విడిగా కోసి పంచుతాం."

"మావాడు అసలే తొందర మనిషి. పక్కన కోశాడనుకోండి?"

యజమాని పగలబడి నవ్వాడు. 

"ఒకసారి అదీ అయింది మేడమ్! అప్పట్లో రెండో బల్ల అని ఒకావిడ ఉండేదిలెండి. గుర్తు అటు పెట్టవే అంటే ఇటు పెట్టింది. పెళ్లికొడుకు కత్తి దించాడు. కిర్ర్ర్‌మని చప్పుడు! పక్కనే మైకు. హాలంతా వినపడింది. పిల్లాడు కేకు బిగుసుకుపోయిందేమో అనుకుని ఇంకా గట్టిగా తోశాడు. తెల్లటి థర్మోకోల్ గుళ్లు ఎగిరి పెళ్లికూతురి జుట్టు నిండా!"

వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మాయి నవ్వలేదు. తల్లి వైపు చూడనూ లేదు. మెడ మాత్రం ఎర్రబడింది.

"మరి ఆవిణ్ణి ఏం చేశారు?"

"ఏం చేస్తాను? ఆ పూటే గెంటేశాను. అయినా ఆ పెళ్లి మనకి కలిసొచ్చింది మేడమ్. అదిగో చూడండి, ఆ ఫోటోయే." ఆయన గోడకేసి చూపించాడు. "కత్తి దించబోయే ముందు తీసింది. మన షాపు పేరు ఎంత బాగా పడిందో చూశారా? హాల్లో అది వెనక్కి పోయి ఉంటే, కెమెరాకి కనపడేలా నేనే దగ్గరుండి తిప్పించాను."

తల్లి తల ఎత్తింది.

ఫ్రేములో ఐదంతస్తుల కేకు తెల్లగా నిలబడి ఉంది. ముందువైపు, కేకు కింద ఉన్న పీట మీద బంగారు రంగులో షాపు పేరు. సరిగ్గా ఆ పేరుకు పైన, కింది అంతస్తు అంచున, త్రికోణంగా మూడు వెండి పూసలు. పేరున్న వైపే ముక్క అమర్చి, దానిమీద మూడు పూసలు పెట్టడం ఆమె అలవాటు. ఆ వైపు పెళ్లివాళ్లకు ఎదురుగా ఉండాలని ఆరోజు కాగితం మీద రాసి మరీ పంపింది. ఫోటోలో పెళ్లివాళ్లు అవతలి పక్కన, చేతిలో కత్తితో నవ్వుతున్నారు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణాన తెలిసింది. ఒట్టు గాలికి పోయింది. పళ్లెం విసురుగా తోసింది. ముక్కలు బల్లంతా చెల్లాచెదురయ్యాయి.

"ఆ ఫోటో దించు."

"మేడమ్?"

"మేడమేమిటి? రెండో బల్లను. దించి మా వదినగారి చేతిలో పెట్టు!"

యజమాని గోడ దగ్గరికి నడిచాడు. దించాడు. వియ్యపురాలు అర్థం కాక కళ్లద్దాలు సర్దుకుంది.

"పూసలెక్కడున్నాయో చెప్పండి వదినగారూ."

"ఇదిగో... పేరు మీద. ఇటు, మనవైపు."

"కత్తి?"

"అది అటు వెనక..." వియ్యపురాలు ఒకసారి ఫోటోను, ఒకసారి యజమానిని చూసింది. "అంటే, కేకు తిప్పింది మీరేగా? ఇప్పుడేగా అన్నారు!"

"ఎప్పటిదో పాత సంగతి అమ్మగారూ..."

"పాతది నీకు!" తల్లి గొంతుకు గాజు తలుపు అవతల ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. "నాకు పొద్దున్న లేస్తే కొత్తదే. నాతో కాదు, అదిగో, అది నా కూతురు. దాని మొహం చూసి చెప్పు."

ఆయన అమ్మాయి మొహం చూడలేక బల్లమీది ముక్కల్ని చూశాడు. "తిప్పింది నేనేనమ్మా. పేరు పడాలని... పూసల సంగతి అప్పుడు తట్టలేదు."

"అప్పుడు తట్టలేదు. ఆ తర్వాత? ఫ్రేము కట్టించి పదహారేళ్లు దాని కిందే కూర్చున్నావే, ఒక్కనాడైనా తట్టలేదా? తట్టింది. తట్టినా నోరు మూసుకున్నావు. నా పొట్ట కొట్టావు, ఊరంతా చాటావు. అది చాలక ఇవాళ నా వియ్యపురాలిని నవ్వించడానికి నన్నే వడ్డిస్తావా?"

ఆయన చెదిరిన ముక్కల్ని పళ్లెంలోకి ఏరసాగాడు.

"అమ్మా," అంది అమ్మాయి మెల్లగా. "నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?"

తల్లి గిర్రున తిరిగింది. "నువ్వు ఒక్కసారైనా అడిగావా? పిన్ని ఒక మాటంటే గుటుక్కున మింగావు. రాత్రింబగళ్లు నీతో ఒకే ఇంట్లో ఉన్నాను కదే, 'ఇది నిజమేనా అమ్మా' అని అడగడానికి నీకు నోరు రాలేదా?"

అమ్మాయి ఏదో అనబోయి ఆగింది. ఈసారి ఆగి ఊరుకోలేదు. అత్తగారి వైపు తిరిగి, తడబడుతూనే, "కేకు మా అమ్మ చేస్తుందండీ," అంది.

వియ్యపురాలు దిక్కులు చూసింది. తోడికోడలి మొహం ఆవిడ కళ్ల ముందు ఒకసారి మెదిలి ఉండాలి. "ఐదంతస్తులా?" అంది ఆశ చావక.

"ఒక్కటే," అంది తల్లి. "నిండా కేకు. మీ మరిదికి ఇష్టమైతే తింటారు, లేకపోతే లేదు."

ఆవిడ "సరేలెండి. ఈ బెండు గోల మనకెందుకు," అని సంచీ భుజానికి తగిలించుకుంది.

యజమాని ఫోటోను చప్పుడు కాకుండా సొరుగులోకి జారవిడవబోయాడు.

"ఎక్కడిది అక్కడే తగిలించు," అంది తల్లి. "నేను ఈ దారినే పనికి వెళ్తాను. ఏరోజైనా అది గోడమీద కనపడలేదో, లోపలికొచ్చి అడుగుతాను. ఎంతమంది కూర్చున్నా సరే, వాళ్ల ముందే అడుగుతాను."

ఆయన మేకు వెతుక్కుని తగిలించేదాకా నిలబడి చూసింది.

మెట్లు దిగుతున్నప్పుడు అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకోబోయింది. ఆమె విదిలించుకుంది. నాలుగు మెట్లు దిగాక అమ్మాయి మళ్లీ పట్టుకుంది. ఈసారి విదిలించలేదు. కోపం తగ్గి మాత్రం కాదు.

"అమ్మా, నా కేకు మీద కూడా ఆ మూడు పూసలు పెడతావా?"

"గుర్తెందుకే? ఎక్కడ కోసినా కేకే అయినప్పుడు!" అని కసిరింది తల్లి.