గూట్లో గులివిందలు

పక్షి గూడు చూడ్డానికి కెమెరా పెడుతున్నారంటే పేటలో అందరికంటే ముందు నమ్మనివాడు సూరన్నే. విశాఖ హార్బరు పక్కనున్న ఆ జాలర్ల పేటకి అతనే పెద్ద. పెద్ద అన్నాక అనుమానించడం తన పనేనని అతని నమ్మకం. ఆ పనికి అతను ఏనాడూ సెలవు పెట్టలేదు.

"గెద్ద గుడ్లెడితే టీవీలో సూత్తారేటండీ? మా పడవలెప్పుడెల్తన్నాయో సూడ్డానికి గావాల," అన్నాడు కెమెరా తెచ్చిన కాలేజీ మేష్టారు భీమశంకరరావుతో.

"అనుమానమైతే మీరే చూసుకోండి" అని నవ్వి, ఆయన దీపాల స్తంభం మీది గరుడ పక్షి గూటికి ఎదురుగా కెమెరా బిగించి, దాని తీగని పేట సంఘం గదిలోకి లాగించి, అక్కడి పాత టీవీకి తగిలించి వెళ్లిపోయాడు.

అది రెండువేల ఏడు వేసవి. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టిన వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఇసుక మీద బోర్లా పడుకున్నాయి. మగాళ్లు గోళ్లు గిల్లుకుంటూ టీవీ ముందు చేరారు. కెమెరా దొంగబుద్ధి పట్టుకుందామని వెళ్లిన సూరన్న, గూట్లో రెండు పిల్లలు నోళ్లు తెరవడం చూసి అక్కడే చతికిలబడిపోయాడు. వేటకెళ్లే ముందు గరుడ పక్షి కనబడితే దణ్ణం పెట్టుకునే జనం వాళ్లు. అదిప్పుడు తమ కళ్లెదుటే పిల్లలకి ముక్కలు పెడుతుంటే, సొంత మనవల్ని చూసుకున్నట్టే మురిసిపోయారు.

ఒక మధ్యాహ్నం తల్లి పక్షి ఎర్రటి చేపని తెచ్చి గూట్లో పడేసింది. సూరన్న నిటారుగా కూర్చున్నాడు. గులివింద! అది సముద్రం అడుగున బురదలో మేసే చేప. గరుడ పక్షి నీళ్ల పైపైన తేలేవాటిని తన్నుకుపోతుందే గానీ మునగలేదు. ఎవరైనా అడుగు వల వేస్తే తప్ప గులివింద ఒడ్డుకి రాదు. ఎవడో దొంగవేటకి పోతున్నాడు!

అలా పోయినవాడి పడవకి ఆ ఏడాది ఎవరూ చెయ్యి వెయ్యకూడదని పేట కట్టుబాటు. పడవని ఇసుకలోంచి నీళ్లలోకి తొయ్యాలంటే పది మంది భుజం పట్టాలి. చేతులు దొరకని పడవ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

గూట్లో గులివిందలు మళ్లీ మళ్లీ కనిపించాయి. సూరన్నకి తిండి సయించలేదు. అందరి పడవల అడుగులూ తడిమాడు, ఆరేసిన వలలు వాసన చూశాడు, పలకరించినవాణ్నల్లా ఓరకంట చూశాడు. చివరికి అతని చూపు చెల్లెలు తాయారు మొగుడు చలమయ్య మీద పడింది. చలమయ్య తెల్లారకముందే పోయి పొద్దుగూకాక వస్తున్నాడు. ఎక్కడికని ఎవరో అడిగితే ఒకసారి గోపాలపట్నం అన్నాడు, ఇంకోసారి ఎలమంచిలి అన్నాడు. పక్క ఊళ్లో ఎవరి పడవో ఎక్కి వేటకి పోతున్నాడనడానికి ఇంకేం కావాలి? సూరన్న సంఘం గదిలో పేటంతటినీ కూర్చోబెట్టాడు.

"సముద్రం మీదికెల్నేదు బావ," అన్నాడు చలమయ్య.

"మరెక్కడికెల్తన్నావ్?"

చలమయ్య తల దించుకున్నాడు. ఎంత గద్దించినా నోరు విప్పలేదు. పడవకి ఎవరూ చెయ్యి వెయ్యకూడదని సూరన్న తీర్పు చెప్పేశాడు. సొంత చెల్లెలి మొగుణ్ని కూడా వదల్లేదు, పెద్దరికమంటే అదీ అని జనం మెచ్చుకున్నారు. సూరన్నకి ఆ మెప్పు తియ్యగానే ఉంది.

నిషేధం ఎత్తేసిన రోజు పొద్దున్నే పడవలన్నీ కేకల మధ్య నీళ్లలో దిగాయి. చలమయ్య, తాయారు తమ పడవకి భుజాలు ఆనించి తోశారు. అది జానెడు కూడా కదల్లేదు. అందరూ చూస్తూనే పక్కనుంచి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం సూరన్న ఒక్కడే టీవీ ముందున్నాడు. తల్లి పక్షి గులివిందల్ని తెచ్చింది. ఒకటి కాదు, మూడు, ఒకదానికొకటి అతుక్కుని గడ్డలా ఉన్నాయి. పిల్లలు ఎంత పొడిచినా ముక్కులు దిగడం లేదు. ఎండకి ఆ గడ్డ మీంచి నీళ్లు కారుతున్నాయి. ఐసు! అప్పుడే వలలో పడిన చేపకి ఐసెక్కడిది?

హార్బరు వెనక చేపలు దాచే కోల్డ్ స్టోరేజీ ఒకటుంది. అక్కడికి పరుగెత్తాడు. గోడ వారన ఐసు గట్టిన గులివిందలు కుప్పగా పడున్నాయి, పైన గద్దలు తిరుగుతున్నాయి.

"మిషను మాటిమాటికీ ఆగిపోతంది బాబూ. పాడైన పాత సరుకు ఏసంగంతా ఇలాగే పారబోత్తన్నాం," అన్నాడు కాపలావాడు.

సూరన్న కాళ్లీడ్చుకుంటూ చెల్లెలి ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే జరిగింది చెప్పి, "తప్పయిపోయింది బావ," అన్నాడు.

"పరవాడలో ఇటికలు మోత్తన్నాడన్నియ్యా," అంది తాయారు ఏడుస్తూ. "పడవ నడిపినోడు తట్ట నెత్తికెత్తుకున్నాడని పేటంతా నవ్వుద్దని నోరిప్పనేదు."

"నాతోనైనా సెప్పకూడదేటి బావ?"

చలమయ్య తలెత్తాడు. "పది మందిలో అడిగేవు. గెద్ద గూట్లోకి ఏసంగంతా తొంగి సూసేవు గదా, నా గుమ్మంలోకి ఒక్కపాలి రాలేకపోయేవేటి?"

సూరన్న గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

మర్నాడు తెల్లవారుతుండగా అతనే ఇంటింటికీ తిరిగి, తప్పు తనదని చెప్పుకుని, జనాన్ని పోగేశాడు. అందరికంటే ముందు తనే భుజం పెట్టాడు. చలమయ్య పడవ నీళ్లలో దిగి తేలింది. తాడు పట్టుకుని సూరన్న ఒడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎక్కాల్సినవాడు రాలేదు. అప్పటికే పరవాడ బస్సెక్కేశాడు.